ఎంగిలితో వస్తుంది... ఒంట్లోనే కాపురం పెడుతుంది!

బిళ్ళల జ్వరానికీ, ఆఫ్రికా పిల్లల దవడ కేన్సరుకూ వెనుక ఉన్నది ఒకే వైరస్

భీమవరం (గ్రామీణ విలేకరి):

బడి పిల్లలు జీడి ముక్కను చొక్కా అంచులో చుట్టి, పటుక్కున కొరికి 'కాకెంగిలి' చేసి పంచుకుంటారు. అమ్మమ్మ అన్నం ముద్దను మెత్తగా నమిలి మనవడి నోట్లో పెడుతుంది. పొలం గట్టు మీద ఒకే చెంబు నలుగురి నోళ్ళకూ తగులుతుంది. ఈ ఎంగిలి దారిలోనే ఒక వైరస్ మన ఒంట్లోకి వస్తుంది. వచ్చింది మరి పోదు. మనం పోయేదాకా మనతోనే ఉంటుంది.

దాని పేరు ఎప్‌స్టీన్-బార్ వైరస్. పొట్టిగా ఈ.బి. వైరస్ అంటారు. ప్రపంచంలో పెద్దవాళ్ళను లెక్క తీస్తే నూటికి 90 మందికి పైగా ఒంట్లో ఇది ఉన్నట్టే. ఈ కబురు చదువుతున్న మీలోనూ, రాస్తున్న నాలోనూ ఉండే ఉంటుంది. అంతమాత్రాన కంగారు పడవలసిన పని లేదు. అత్యధికులకు అది వచ్చిన సంగతే తెలియదు. కొందరు కుర్రవాళ్ళకు మాత్రం మెడలో బిళ్ళలు కట్టి, గొంతు పూడుకుపోయి, వారాల తరబడి జ్వరం కాస్తుంది. బహు కొద్దిమందికి, అదీ కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో, లింఫోమా అనే కేన్సరుకు దారి తీస్తుంది.

ఒకే వైరస్ ఒకరిని ముట్టకుండా వదిలేసి, ఇంకొకరిని మంచాన పడేసి, మరొకరి ప్రాణం మీదకు ఎందుకు తెస్తుంది? జవాబు వైరస్‌లో కంటే మన ఒంటి కాపలాలో ఎక్కువ ఉంది. ఆ సంగతి తెలుసుకోవటానికి వైద్యులకు అరవై ఏళ్ళు పట్టింది. కథ ఆఫ్రికాలోని ఉగాండాలో మొదలవుతుంది.

కంపాలాలో ఒక బాబు

1957లో కంపాలా నగరంలోని ములాగో ఆసుపత్రిలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ ఉండేవారు. ఐర్లాండు దేశస్థుడు. పదకొండో ఏట రాయి తగిలి ఒక కన్ను పోయింది. ఉన్న ఒక్క కంటితోనే ఆపరేషన్లు చేసేవారు. ఒకనాడు తోటి డాక్టరు పిలిచి అయిదేళ్ళ బాబును చూపించారు. దవడ వాచింది. ఒక వైపు కాదు, కుడి, ఎడమ, పైన, కింద నాలుగు వైపులా! పళ్ళు కదిలిపోయి, మొహం ఆకారమే మారిపోయింది. ఇదేమి రోగమో ఆయనకు అంతుపట్టలేదు.

కొద్ది వారాలకు జింజా అనే ఊరి ఆసుపత్రికి వెళ్ళారు. కిటికీలోంచి చూస్తే బయట పచ్చికలో తల్లి పక్కన ఒక పాప కూర్చుని ఉంది. అదే వాపు, అదే మొహం. ఒక్కరికి వస్తే విధి అనుకోవచ్చు, ఇద్దరికి వస్తే వెతకాలి కదా! పాపను పరీక్షిస్తే కడుపులోనూ గడ్డలున్నాయి. అక్కడి నుంచి ఆయన పాత రికార్డులన్నీ తిరగేశారు. దవడలోనూ, కడుపులోనూ వేరు వేరు పేర్లతో రాసి ఉన్న గడ్డలన్నీ నిజానికి ఒకే జబ్బు అని తేల్చి 1958లో ఒక వ్యాసం అచ్చువేయించారు. అదే ఇప్పుడు బర్కిట్ లింఫోమా. మనిషికి వచ్చే కేన్సరు గడ్డల్లో ఇంత వేగంగా పెరిగేది వేరొకటి లేదంటారు. ఒకటి రెండు రోజుల్లోనే కణాల సంఖ్య రెట్టింపవుతుంది.

ఈ జబ్బు ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవాలని 1961లో బర్కిట్, మరిద్దరు డాక్టర్లు ఒక పాత ఫోర్డు బండి కొనుక్కుని బయలుదేరారు. పది వారాలు, పది వేల మైళ్ళు. దారి పొడవునా 50కి పైగా ఆసుపత్రుల్లో ఆగి, పిల్లల ఫోటోలు చూపించి 'ఇలాంటి వాపు మీ దగ్గర చూశారా?' అని అడిగారు. పెద్ద యంత్రాలు లేవు, పెద్ద నిధులూ లేవు. కాళ్ళు అరిగేలా తిరిగి అడగటం, రాసుకోవటం అంతే. (విలేకరి పనికీ దీనికీ పెద్ద తేడా లేదని నాకనిపించింది.) పటం మీద గుర్తులు పెట్టి చూస్తే ఆఫ్రికా నడుము చుట్టూ ఒక పట్టీ తేలింది. బాగా వానలు పడే, వెచ్చగా ఉండే పల్లపు ప్రాంతాల్లో జబ్బు ఉంది. చల్లని ఎత్తు కొండల మీద లేదు. మెట్ట ఎడారుల్లో లేదు. దోమలు ఉన్న చోటల్లా ఉంది!

పొగమంచులో దారి మళ్ళిన విమానం

అదే ఏడాది మార్చి 22న బర్కిట్ లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో ఈ సంగతులు చెప్పారు. వినేవాళ్ళు కొద్దిమందే. వారిలో ఆంథొనీ ఎప్‌స్టీన్ అనే యువ పరిశోధకుడు ఉన్నారు. ఆయన అప్పటికి కోళ్ళ కేన్సరు మీద పని చేస్తున్నారు. కోళ్ళలో ఒక రకం గడ్డ వైరస్ వల్ల వస్తుందని పేటన్ రౌస్ 1911లోనే చూపించారు. కానీ మనిషి కేన్సరుకు వైరస్ కారణం కావచ్చంటే అప్పట్లో చాలామంది నవ్వేవారు. వానలకూ వేడికీ ముడిపడిన కేన్సరు అని వినగానే ఎప్‌స్టీన్‌కు 'దీని వెనుక ఏదో వైరస్ ఉంది' అనిపించింది.

కంపాలా నుంచి లండన్‌కు గడ్డ ముక్కలు విమానంలో పంపటం మొదలైంది. రెండేళ్ళకు పైగా వెతికారు. ఏమీ కనిపించలేదు. 1963లో ఇవాన్ బార్ అనే యువతి సహాయకురాలిగా చేరారు. బర్ట్ అచాంగ్ అనే ఆయన ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పని చూసేవారు. 1963 డిసెంబరు 5న వచ్చిన విమానం లండన్‌లో పొగమంచు వల్ల దిగలేక మాంచెస్టర్‌కు మళ్ళింది. ముక్క చేతికి అందేసరికి ఆలస్యమైంది. సీసాలో నీరు మబ్బుగా, పులిసిన గంజిలాగ ఉంది. చెడిపోయిందని పారబోయవలసిందే. పారబోసే ముందు ఎప్‌స్టీన్ ఒక చుక్క తీసి చూశారు. అది పులుపు కాదు, బాక్టీరియా కాదు. గడ్డలోంచి విడిపోయి ఈదుతున్న బతికున్న కేన్సరు కణాలు! ప్రయాణంలో కుదుపులకు విడివడ్డాయి. వాటిని ప్రయోగశాలలో నారు పోసినట్టు పెంచారు.

1964 ఫిబ్రవరి 24న ఆ కణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెడితే మొదటి చూపులోనే వైరస్ రేణువులు దొరికాయి. ఎప్‌స్టీన్‌కు కాళ్ళు నిలవలేదు. యంత్రం ఆపేసి, కోటు కూడా వేసుకోకుండా మంచు పడుతున్న వీధిలో ఒక చుట్టు చుట్టి వచ్చారట. మార్చి నెలాఖరులో లాన్సెట్ పత్రికలో ముగ్గురి పేర్లతో కబురు వెలువడింది. వైరస్‌కు మాత్రం ఇద్దరి పేర్లే నిలిచాయి. అచాంగ్ పేరు జారిపోయింది. ఎప్‌స్టీన్ 102 ఏళ్ళు బతికి 2024 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

ప్రయోగశాలలో పనిచేసే అమ్మాయికి జ్వరం

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో వెర్నర్ హెన్లే, గెర్ట్రూడ్ హెన్లే అనే భార్యాభర్తలు ఈ వైరస్ సోకిందో లేదో రక్తంలోని యాంటీబాడీలను బట్టి చెప్పే పరీక్ష కనిపెట్టారు. కోవిడ్ వచ్చిన తర్వాత యాంటీబాడీ అన్న మాట మన ఊళ్ళలో అందరికీ తెలిసిందే. ఆఫ్రికా పిల్లల రక్తంలో అవి దండిగా ఉన్నాయి. సరే. కానీ కేన్సరు ఊసే లేని అమెరికా పెద్దవాళ్ళలోనూ ఉన్నాయి! అంటే ఈ వైరస్ ఆఫ్రికాది మాత్రమే కాదు, లోకమంతటా ఉంది. మరి అమెరికాలో ఇది ఏం చేస్తోంది?

జవాబు ఆ ప్రయోగశాలలోనే దొరికింది. అక్కడ పని చేసే ఒక అమ్మాయి రక్తంలో యాంటీబాడీలు లేవు. అందుకని పరీక్షల్లో పోల్చి చూడటానికి ఆమె రక్తమే వాడుతుండేవారు. 1967లో ఆమె జ్వరంతో, గొంతునొప్పితో, మెడ బిళ్ళలతో సెలవు పెట్టింది. తిరిగి వచ్చాక రక్తం తీస్తే యాంటీబాడీలు పుట్టి ఉన్నాయి. ఆమెకు వచ్చింది గ్లాండ్యులర్ ఫీవర్, మన మాటల్లో బిళ్ళల జ్వరం. 1968లో హెన్లే దంపతులు ఈ సంగతి ప్రకటించారు. యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు దాచి ఉంచిన విద్యార్థుల రక్తం నమూనాలతో సరిచూస్తే నిజమేనని తేలింది.

ఈ జ్వరం కొత్తదేమీ కాదు. 1889లో జర్మనీ డాక్టరు ఫైఫర్ దానికి గ్రంథుల జ్వరం అని పేరు పెట్టారు. 1920లో అమెరికా డాక్టర్లు రోగుల రక్తంలో వింత ఆకారపు పెద్ద పెద్ద తెల్ల కణాలు చూశారు. 1932లో ఇంకో వింత బయటపడింది. ఈ రోగుల రక్తరసం చుక్క వేస్తే గొర్రె రక్తం గడ్డలు గడ్డలుగా అతుక్కుపోయేది. చాలా కాలం అదే పరీక్ష. గొర్రెకూ ఈ జ్వరానికీ సంబంధం ఏమిటా అంటే, ఏమీ లేదు. ఆ కిటుకు కింద చెబుతాను.

తలారి ఇంట్లోనే దొంగ

మన రక్తంలో తెల్ల కణాలు ఊరికి తలారుల వంటివి. వాటిలో బి కణాలు అని ఒక రకం. యాంటీబాడీలు తయారు చేసేది ఇవే. ఈ.బి. వైరస్ గొంతులోకి దిగి టాన్సిళ్ళ దగ్గర కాపలా ఉన్న ఈ బి కణాల్లోనే దూరుతుంది. ఊళ్ళోకి వచ్చిన దొంగ తలారి ఇంట్లోనే అద్దెకు దిగినట్టు! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఈ వైరస్‌కు అతికినట్టు సరిపోతుంది.

దూరిన వైరస్ ఊరుకోదు. బి కణాన్ని 'విడిపో, పెరుగు' అని తరుముతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు అవుతాయి. ఇలా తరమబడ్డ బి కణాలు గతి తప్పి ఏవేవో యాంటీబాడీలు కక్కుతాయి. గొర్రె రక్తాన్ని అతికించేవి అవే. అదీ 1932 నాటి వింతకు కారణం.

అప్పుడు రెండో దళం లేస్తుంది. ముందు సహజ హంతక కణాలు అనేవి, వెనుక టి కణాలు. టి కణం ప్రతి కణాన్నీ తడిమి చూస్తుంది. లోపల ఏ మాంసకృత్తులు తయారవుతున్నాయో వాటి ముక్కలను ప్రతి కణమూ తన గోడ మీద తగిలించి ఉంచాలి. శరీరంలో అదొక నియమం. గుమ్మానికి కట్టిన తోరణం చూసి ఇంట్లో ఏ శుభకార్యమో చెప్పినట్టు, ఆ ముక్కలు చూసి టి కణం లోపల వైరస్ ఉందని పసికడుతుంది. కనిపెడితే అక్కడికక్కడే ఆ కణాన్ని చంపేస్తుంది, అది తన తోటి తలారి కణమైనా సరే.

బిళ్ళల జ్వరంలో అసలు సంగతి ఇదే. ఒళ్ళు కాలిపోయేది, గొంతు వాచేది, బిళ్ళలు కట్టేది, నీరసంతో లేవలేకపోయేది ఎక్కువగా వైరస్ చేసే హాని వల్ల కాదు. మన టి కణాలు చేసే యుద్ధం వల్ల. 1920లో కనిపించిన వింత కణాలు రోగపు కణాలు కావు. పోరాటానికి లేచిన టి కణాలే. జ్వరం ముదిరిన రోజుల్లో కొందరి రక్తంలోని చంపే టి కణాల్లో 40 శాతం దాకా ఈ వైరస్‌లోని ఒకే ఒక్క ముక్కను గుర్తుపట్టేవే ఉంటాయని లెక్క కట్టారు. ఊరి మగవాళ్ళలో సగం మంది కర్రలు పట్టుకుని ఒక్క దొంగ మీదకు లేచినట్టన్న మాట!

పసిపిల్లల్లో ఇంత రభస జరగదు. వైరస్ సోకినా మామూలు జలుబులాగ, ఒక్కోసారి అదీ లేకుండా పోతుంది. మన దేశంలో చాలామందికి పసితనంలోనే సోకటం వల్ల ఈ జ్వరం పేరు అంతగా వినబడదు. పాశ్చాత్య దేశాల్లో ఎంగిలి పట్టింపుతో పెరిగిన పిల్లలకు పదిహేను, ఇరవై ఏళ్ళ వయసులో సోకుతుంది. అక్కడ దీన్ని 'ముద్దుల జబ్బు' అంటారు. ఇప్పుడు మన దగ్గరా ఎవరి గ్లాసు వారిది, ఎవరి సీసా వారిది అయింది. కాలేజీ వయసు పిల్లల్లో ఈ జ్వరం కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అలాగని పసివాళ్ళకు పనిగట్టుకుని ఎంగిలి పెట్టమని కాదు. ఎంగిలితో వచ్చే జబ్బులు ఇదొక్కటే కాదు కదా.

పోరు ముగిశాక వైరస్ ఏమవుతుంది? ఓడిపోతుంది, కానీ ఊరు వదలదు. జ్ఞాపకం ఉంచుకునే రకం బి కణాల్లో చేరి నోరు మూసుకుంటుంది. ఏ మాంసకృత్తీ తయారు చేయదు. తోరణం లేని ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరికి తెలుస్తుంది? పది లక్షల బి కణాల్లో ఒకటి నుంచి యాభై దాకా ఇలా దాక్కున్నవి ఉంటాయి. అప్పుడప్పుడు ఒకటి నిద్ర లేచి గొంతులో కొత్త వైరస్ కంటుంది. అది ఎంగిలితో ఇంకొకరికి పోతుంది. అందుకే ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల నుంచే ఇది ఎక్కువగా అంటుకుంటుంది. లేచినదాన్ని లేచినట్టే టి కణాలు మట్టుబెడుతుంటాయి. ఈ కాపలా బతికినంత కాలం సాగుతుంది.

మన పిల్లలకు వస్తే

సోకిన నాలుగు నుంచి ఆరు వారాలకు జబ్బు బయటపడుతుంది. జ్వరం, మింగుడు పడని గొంతునొప్పి, టాన్సిళ్ళ మీద తెల్లపొర, మెడకు రెండు వైపులా నొప్పి బిళ్ళలు, విపరీతమైన నీరసం. సగం మందిలో ఎడమ డొక్కలో ప్లీహం వాస్తుంది. మన పెద్దలు 'కడుపులో బల్ల' అనేది దీన్నే. జ్వరం రెండు వారాల్లో దిగినా, నీరసం ఇంకా కొన్ని వారాలు పీడించవచ్చు.

దీన్ని చంపే మందంటూ లేదు. విశ్రాంతి, నీళ్ళు, జ్వరానికి పారాసిటమాల్. గొంతు చూసి మామూలు గొంతునొప్పి అనుకుని యాంపిసిలిన్, అమాక్సిసిలిన్ బిళ్ళలు మింగితే, ఈ జ్వరం ఉన్న చాలామందికి ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు లేస్తాయి. పైగా ఆ మందులు వైరస్ మీద పని చేయవు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే అలవాటు ఉన్నవారు ఇది గమనించాలి. దద్దుర్లు వచ్చినవారిని జన్మంతా ఆ మందు పడదని ముద్ర వేయటం కూడా చాలాసార్లు పొరపాటే. డాక్టరుకు జరిగింది చెప్పి తేల్చుకోవాలి.

ఇంకొక ముఖ్య సంగతి. వాచిన ప్లీహం పలచబడి ఉంటుంది. దెబ్బ తగిలితే పగిలి లోపలే రక్తం కారుతుంది. ఇది అరుదు, కానీ జరిగితే ప్రాణాపాయం. అందుకని జ్వరం మొదలైన దగ్గర నుంచి కనీసం మూడు నాలుగు వారాలు కబడ్డీ, కుస్తీ, బస్తాలు మోయటం, చెట్లెక్కటం కట్టిపెట్టాలి. జ్వరం తగ్గిందని వారానికే కుర్రవాణ్ణి ధాన్యం బస్తాల దగ్గరకు పంపవద్దు. ఎడమ డొక్కలో ఉన్నట్టుండి నొప్పి వచ్చి, కళ్ళు తిరిగితే క్షణం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. గొంతు వాచి ఊపిరి ఆడకపోయినా అంతే.

రక్త పరీక్ష కాగితం చూసి గుండెలు బాదుకునేవారూ ఉంటారు. అందులో 'ఐ.జి.ఎం.' రకం యాంటీబాడీ ఉంటే వైరస్ ఈమధ్య సోకినట్టు. 'ఐ.జి.జి.' మాత్రమే ఉంటే ఎప్పుడో సోకి పోయినట్టు. పెద్దవాళ్ళలో నూటికి 90 మందికి పైగా అది ఉంటుంది. అది కేన్సరు కాగితం కాదు.

మెడలో ప్రతి బిళ్ళా ఈ జ్వరమేనని కూడా అనుకోరాదు. మన ప్రాంతంలో క్షయ వల్ల మెడ బిళ్ళలు రావటం మామూలు. నొప్పి లేకుండా గట్టిగా ఉండి, నెల దాటినా తగ్గని బిళ్ళను, బరువు తగ్గటం, రాత్రి చెమటలు ఉన్నవారిని తప్పక డాక్టరుకు చూపాలి. ఆకు పసర్లు కట్టి నెలలు గడపటం ప్రమాదం.

కాపలా సడలితే

టి కణాల కాపలా ఎంత పనికొస్తోందో, అది లేనివాళ్ళను చూసే తెలిసింది. 1975లో డేవిడ్ పర్టిలో అనే అమెరికా డాక్టరు ఒక కుటుంబం గురించి రాశారు. ఆ ఇంట్లో మగపిల్లలు మాత్రమే బిళ్ళల జ్వరం లాంటిదానితోనో, లింఫోమాతోనో ఒకరి తర్వాత ఒకరు చనిపోతున్నారు. ఆడపిల్లలకు ఏమీ లేదు. తల్లి వైపు నుంచి వచ్చే ఒక జన్యు లోపం అని తేలింది. 1998లో ఆ జన్యువునే పట్టుకున్నారు. అది చెడితే హంతక కణాలూ, టి కణాలూ వైరస్ ఉన్న బి కణాన్ని సరిగా చంపలేవు. లోకంలో అందరూ నిద్రలో కూడా మోసే వైరస్ ఆ ఇంటి మగపిల్లలకు యముడైంది.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారిది ఇంకొక దారి. పరాయి అవయవాన్ని శరీరం తోసేయకుండా టి కణాలను అణచే మందులు వాడతారు. కాపలా అణిగితే దాక్కున్న వైరస్ లేస్తుంది. కొద్దిమందిలో బి కణాలు అడ్డూ ఆపూ లేకుండా పెరిగి లింఫోమా అవుతుంది. 1984లో థామస్ స్టార్జల్ బృందం ఆ మందుల మోతాదు తగ్గించి చూస్తే, కొందరిలో గడ్డలు వాటంతట అవే కరిగిపోయాయి! కాపలా తిరిగి వస్తే దొంగ తోక ముడిచాడు. ఈ సంగతి చదివి మార్పిడి చేయించుకున్నవారు ఎవరూ సొంతంగా మందు తగ్గించరాదు. కిడ్నీ పోతుంది. హెచ్.ఐ.వి. ఉన్నవారిలోనూ ఇలాంటి లింఫోమాలు వస్తాయి. క్రమం తప్పకుండా మందులు వాడేవారికి ఆ ముప్పు తగ్గుతుంది.

మలేరియా చేసే సాయం

మరి ఆఫ్రికా పిల్లల్లో జన్యు లోపం లేదు, మార్పిడి లేదు. వాళ్ళ కాపలాను సడలించింది ఎవరు? బర్కిట్ పటం మీద దోమలు కనిపించాయని చెప్పుకున్నాం కదా. మలేరియా తీవ్రంగా ఉన్న చోటే గడ్డ ఉంది. దోమలను అదుపు చేసిన జాంజిబార్, పెంబా దీవుల్లో గడ్డ అరుదు.

మలేరియా రెండు పనులు చేస్తుంది. ఒకటి, బి కణాలను పదే పదే రెచ్చగొట్టి పెంచుతుంది. రెండు, టి కణాలను అలసిపోయేలా చేస్తుంది. మలేరియా జ్వరంలో ఉన్నప్పుడు గాంబియా దేశస్థుల టి కణాలు ఈ.బి. వైరస్ ఉన్న బి కణాలను అదుపు చేయలేకపోతున్నాయని 1984లో పరిశోధకులు చూపించారు. బి కణాలు ఇంతగా విడిపోతుంటే ఎక్కడో ఒక దాంట్లో పొరపాటు జరుగుతుంది. 8వ క్రోమోజోము ముక్క తెగి, చాలాసార్లు 14వ దానికి అతుక్కుంటుంది. అతుక్కున్న చోట ఉన్న 'మిక్' అనే జన్యువు ఆపు లేకుండా 'పెరుగు, పెరుగు' అంటుంది. 1982లో ఇది తెలిసింది. కేన్సరు పుట్టింది.

అప్పటికైనా టి కణాలు పట్టుకోవచ్చు కదా? ఇక్కడే వైరస్ మాయ. బర్కిట్ గడ్డ కణంలో వైరస్ దాదాపు ఒకే ఒక్క మాంసకృత్తును తయారు చేస్తుంది. అందులో ఒకే రకం ముక్కలు వరసగా పేర్చి ఉండటం వల్ల కణం దాన్ని తుంచి గోడకు తగిలించటం కష్టం. తోరణం లేని ఇల్లు మళ్ళీ! టి కణం పక్క నుంచే వెళ్ళిపోతుంది.

ఉగాండాలోని వెస్ట్ నైల్ జిల్లాలో 1972 నుంచి 42 వేల మంది పిల్లల రక్తం తీసి దాచారు. తర్వాత గడ్డ వచ్చిన పిల్లల పాత రక్తం తీసి చూస్తే, గడ్డ రావటానికి చాలా ముందే వాళ్ళలో ఈ వైరస్ మీద యాంటీబాడీలు మిగతా పిల్లల కంటే బాగా ఎక్కువ. 1978లో ఈ ఫలితం వెలువడింది. యాంటీబాడీలు ఎక్కువగా ఉండటం బలం కాదు, లోపల వైరస్ చెలరేగుతోందనటానికి గుర్తు.

మన దేశంలో బర్కిట్ గడ్డ అరుదు. వచ్చినా దవడలో కంటే కడుపులోనే ఎక్కువ. అయినా పిల్లవాడికి దవడ వాచి పళ్ళు కదులుతుంటే పుచ్చు పన్ను అని పీకించి ఊరుకోవద్దు. కడుపు వేగంగా ఉబ్బుతున్నా నులిపురుగుల మందుతో సరిపెట్టవద్దు. రోజుల్లో రెట్టింపయ్యే గడ్డకు వారం కూడా ఎక్కువే. మన పిల్లల్లో హాడ్జ్‌కిన్ లింఫోమా అనే మరో రకం కేన్సరులోనూ ఎక్కువ మందిలో ఈ వైరస్ కనిపిస్తుంది. అది కూడా చాలా వరకు నయమయ్యేదే. నాగాలాండ్‌లో ఎక్కువగా వచ్చే ముక్కు వెనుక భాగపు కేన్సరులోనూ ఇదే ఉంది.

మన భీమవరం వాడి మందు

ఇంత వేగంగా పెరిగే గడ్డ మందుకు అంత వేగంగానే కరుగుతుంది. కంపాలాలో బర్కిట్ దగ్గర రేడియేషన్ యంత్రం లేదు. 1960 ప్రాంతంలో ఆయన చేతికి వచ్చిన మొదటి మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. కొద్ది మోతాదులకే మొహాల మీద గడ్డలు కరిగి, కొందరు పిల్లలు పూర్తిగా బాగయ్యారు. తర్వాత సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇంకా బాగా పని చేసింది.

ఆ మెథోట్రెక్సేట్ ఎవరి చలవ? మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిది. 1923లో అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు పెద్దగా ఉండి, ఫోలిక్ ఆమ్లం మీద పని చేస్తూ దానికి విరుగుడు మందులు తయారు చేయించారు. వాటిలోదే ఇది. మన గోదావరి జిల్లాల బోదకాలుకు ఇచ్చే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన బృందం తెచ్చినదే. 1948లో ఆయన పోయారు. తన మందు ఉగాండా పిల్లల దవడలు కరిగించిన సంగతి ఆయనకు తెలియదు. ఆ పిల్లలకు భీమవరం అనే ఊరు ఒకటుందనీ తెలియదు. ఈనాడు నాలుగైదు మందులు కలిపి గట్టిగా ఇస్తే, ధనిక దేశాల్లో బర్కిట్ గడ్డ వచ్చిన పిల్లల్లో నూటికి 90 మంది దాకా బతుకుతున్నారు. ఆఫ్రికాలో ఇంకా అంతమంది బతకటం లేదు. ఆసుపత్రికి ఆలస్యంగా రావటం, మధ్యలో చికిత్స మానటం అందుకు పెద్ద కారణాలు.

కాపలాదార్లను అరువిచ్చే వైద్యం

1995లో అమెరికాలోని మెంఫిస్ డాక్టర్లు ఎముక మూలుగ మార్పిడి జరిగిన పిల్లలకు కొత్త వైద్యం చేశారు. మూలుగ ఇచ్చినవారి టి కణాలను ప్రయోగశాలలో ఈ.బి. వైరస్‌ను గుర్తుపట్టేలా పెంచి, రోగికి ఎక్కించారు. ఆ అరువు కాపలాదార్లు గడ్డను కరిగించారు. ఇలా ముందే తయారు చేసి నిలవ ఉంచిన టి కణాల మందుకు 2022 డిసెంబరులో ఐరోపా సమాఖ్య అనుమతి ఇచ్చింది. అదే ఏడాది జనవరిలో కోటి మంది అమెరికా సైనికుల రికార్డులు వెతికి, నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే జబ్బు ఈ వైరస్ సోకినవారిలో సోకనివారి కంటే 32 రెట్లు ఎక్కువని చెప్పారు. దాంతో టీకా కోసం ఉరుకులు పెరిగాయి.

టీకా మాత్రం ఇంతవరకు బజారులోకి రాలేదు. 2007లో ఫలితాలు వెలువడిన ఒక టీకాను 181 మంది యువకుల మీద ప్రయత్నించారు. వైరస్ సోకటం ఆగలేదు. కానీ బిళ్ళల జ్వరం రావటం నూటికి 78 వంతులు తగ్గింది. ఇప్పుడు అమెరికాలో కొత్త రకం టీకాలను మనుషుల మీద పరీక్షిస్తున్నారు.